దాత పేరు రాసిన వేపబల్ల

నేను ఒక వేపబల్లను. నన్ను చేసిన రోజు వీరరాఘవయ్య గారి ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ఆయన, ఆయన భార్య మాణిక్యమ్మ, వడ్రంగి బ్రహ్మయ్యాచారి, పేరు రాయడానికి వచ్చిన పెయింటరు, పెరట్లో చెక్కపొట్టు ఊడుస్తున్న మార్తమ్మ.

గాలివానకు పడిపోయిన పెరటి వేపమానును కోయించి, ఊళ్ళో కొత్తగా కట్టిన చిన్నాసుపత్రికి ఒక తలుపూ ఒక బల్లా చేయించారు రాఘవయ్య గారు. అలా ఆ తలుపు నాకు తోబుట్టువు.

మా ఇద్దరి మీదా పెద్ద ఎర్ర అక్షరాలతో ఆయన పేరు రాశారు. పొట్టు ఊడుస్తూ వచ్చిన మార్తమ్మ నా మీద అరచెయ్యి ఆనించి, "ఎంత నున్నగా వచ్చిందో," అంది.

"చెయ్యి తియ్యి, రంగు ఆరలా," అన్నాడు పెయింటరు.

ఆమె చెయ్యి తీసేసింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళు నన్ను ముట్టుకోలేదు.

ఆసుపత్రి వసారాలో నన్ను వేశారు. లోపలి మందులు సర్కారువి, నర్సు మస్తానమ్మ జీతం సర్కారుది. ఆ సంగతి ఎక్కడా ఎర్ర అక్షరాలతో రాయలేదు. అందుకే ఊరు దాన్ని రాఘవయ్య గారి ఆసుపత్రి అంది. ఊళ్ళో పెద్దలు నా మీద కూర్చునేవారు. ఊరి చివర మార్తమ్మ వాళ్ళ పల్లె నుంచి వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చునేవారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మనుషులకు కొన్ని చెప్పకుండానే వస్తాయి. జ్వరం మాత్రం బల్ల మీది వాళ్ళకూ మెట్ల మీది వాళ్ళకూ ఒకేలా వచ్చేది.

ఈ ఏడు మిరపకాయల కోతకు మార్తమ్మ రాఘవయ్య గారి చేనికి కాకుండా వేరేవాళ్ళ చేనికి వెళ్ళింది. ఆయన వీధిలో నిలబెట్టి, "ఇక నా గడప తొక్కమాక," అన్నారట. కోపంలో అన్న మాట. ఆయన మర్చిపోయారు, మార్తమ్మ మర్చిపోలేదు.

అప్పటికే ఆమె కూతురు సలోమి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలనెలా పరీక్షకు రావాలి. రెండు నెలలు రాలేదు. మస్తానమ్మ కబురు పెట్టినప్పుడల్లా, "వస్తాంలే," అని మాత్రం తిరుగు కబురు వచ్చేది. నా తోబుట్టువు మీద ఆయన పేరుంది కదా. ఆ గడప కూడా ఆయనదే అనుకుంది ఆ తల్లి.

చివరికి ఒక ఉదయం వచ్చారు. సలోమి కాళ్ళు వాచి ఉన్నాయి. తల పగిలిపోతోందని కళ్ళు మూసుకుని నడుస్తోంది. ఆ వేళ నా మీద ఉన్నది రాఘవయ్య గారే, బీపీ చూపించుకోవడానికి వచ్చి. మార్తమ్మ కూతుర్ని మెట్ల కింద ఎండలోనే ఆపేసింది.

"అయ్యా," అంది, "బిడ్డకు బాగాలేదు. ఈ ఒక్కసారికి లోపలికి పోనియ్యి."

ఆయన తెల్లబోయారు. తరువాత ఆ అడగడం నచ్చినట్టుంది, వెనక్కి వాలి, "సరేలే, పోండి. నేనంత రాతిమనిషినా," అన్నారు.

మస్తానమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "ఆయన్ని అడుగుతావేం మార్తమ్మా? ఆయనా నీలాగే జబ్బుకు వచ్చిన మనిషే."

"తలుపు ఆయనిచ్చిందేగా అమ్మా. గడప తొక్కొద్దన్నాడు."

"తలుపిస్తే ఇచ్చాడు. వైద్యం ఆయనిచ్చేది కాదు, నేనిచ్చేదీ కాదు. అది నీ బిడ్డకు రావలసింది. దీనికి ఎవరి సెలవూ అక్కర్లేదు."

"నేను ఆసుపత్రి మాట అన్నానా?" అన్నారు రాఘవయ్య గారు.

"అన్లేదు బాబాయ్. కానీ ఆ పిల్ల రెండు నెలలు రాలేదు."

ఈ మాటల మధ్యలోనే సలోమి మెట్లెక్కి వచ్చి నా మీద కూలబడింది. సరిగ్గా పేరు మీద.

మార్తమ్మ చెయ్యి పట్టి లాగింది. "లెయ్యే, అక్కడ కాదు."

"ఉండమ్మా. నిలబడలేను."

రాఘవయ్య గారు కొంచెం పక్కకు జరిగారు. ఎనిమిదేళ్ళలో ఎందరినో మోశాను. ఆ ఇద్దరినీ పక్కపక్కన మోస్తే తెలిసింది, బరువులో పెద్ద తేడా లేదని.

మస్తానమ్మ నా మీదే సలోమి చెయ్యి చాపించి బీపీ పట్టీ చుట్టింది. అంకె చూసింది. మళ్ళీ చూసింది. వెంటనే అంబులెన్సుకు ఫోను చేసింది.

ఆ రోజు పట్నం పెద్దాసుపత్రిలో సలోమి దక్కింది. బిడ్డ దక్కలేదు. రెండు నెలల ముందు వచ్చి ఉంటే బీపీ మందులతో అదుపులో ఉండేదని మస్తానమ్మ తరువాత ఎవరితోనో అంటుంటే విన్నాను. రాఘవయ్య గారు కూడా విన్నారు.

కానీ ఆ ఉదయం మాకు ఇవేవీ తెలియవు. అంబులెన్సు వచ్చేలోపు సూది వెయ్యాలని మస్తానమ్మ సలోమిని లేపింది. ఒక పక్క ఆమె, ఒక పక్క మార్తమ్మ పట్టుకుని నడిపించారు. లేపేటప్పుడు ఆసరాకు మార్తమ్మ నా మీద అరచెయ్యి ఆనించింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. దాటింది.

రాఘవయ్య గారు కూడా లేచి తలుపు దాకా వెళ్ళారు. "మరి నా బీపీ?"

"కూర్చోండి బాబాయ్. ముందు ఈ పిల్ల," అని మస్తానమ్మ తలుపేసింది.

తలుపు మీది ఆయన పేరు ఆయన మొహం ముందు నిలిచింది. ఆయన తిరిగి వచ్చి నా మీద కూర్చున్నారు, ఒక చివర.