ఈశాన్యం తొట్టిలో గుర్రపుడెక్క

అది 1989 వేసవి. ఆ ఉదయం ఫిలింనగర్ ఇంట్లో మర్నాడు సినిమా విడుదలని నిద్ర మానేసిన నిర్మాత పట్టాభిరామయ్య, ఆయన భార్య రాజ్యలక్ష్మి, వాస్తు చూసే వెంకటాచలం, తోటమాలి లక్ష్మయ్య ఉన్నారు. సెలవులకి కైకలూరు పక్క పల్లె నుంచి వచ్చిన ప్రసూన కూడా ఉంది. నిర్మాతగారి తమ్ముడి కూతురు. కాఫీలు కలిపేటప్పుడు ఆ పిల్లని ఎవరో ఒకరు మర్చిపోతూనే ఉంటారు.

ఇంటి ఈశాన్యం మూల నీళ్ళతొట్టిలో పువ్వు పూస్తే సినిమా వంద రోజులు ఖాయమని అంతకుముందే అన్నాడు వెంకటాచలం. తామరలు దొరక్క లక్ష్మయ్య ఏదో చెరువులోంచి ఊదాపూల మొక్కొకటి తెచ్చి వేశాడు. పక్షం తిరక్కుండా తొట్టి నిండిపోయింది. ప్రసూన రోజూ మరమరాలు వేసే ఎర్రచేపలు ఆకుల సందుల్లోకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

వాటిని చూసే ఆమెకి ధైర్యం వచ్చింది.

"పెదనాన్నా, ఇది తామర కాదు. గుర్రపుడెక్క."

"నీకెలా తెలుసే?"

ప్రసూన ఒక మొక్క పీకి, ఉబ్బిన కాడ విరిచి చూపించింది. లోపలంతా స్పాంజి. కింద నల్లటి ఈకల్లాంటి వేళ్ళు.

"మా కాలవ నిండా ఇదే. పడవలు కదలవు. ఒకటేస్తే వందవుతుంది. పీకినా మళ్ళీ వస్తుంది. చేపలకి ఊపిరాడదు."

"పువ్వు మంచిగున్నదని తెచ్చిన సారూ," అన్నాడు లక్ష్మయ్య. "గిదింత పని జేస్తదని నాకేమెరుక?"

పట్టాభిరామయ్య మొహం మతాబాలా వెలిగింది. "పీకినా పోదా?"

"పోదు పెదనాన్నా."

"విన్నారా వెంకటాచలం గారూ? మన సినిమా థియేటర్లోంచి పీకినా పోదట."

"నేను చెప్పలేదూ," అన్నాడు వెంకటాచలం, చెప్పకపోయినా.

"లక్ష్మయ్యా, బిందెకో మొక్క పెట్టి డిస్ట్రిబ్యూటర్లందరికీ పంపు."

"నా బిందెలు ముట్టుకుంటే చూడండి," అంది రాజ్యలక్ష్మి.

"మరి చేపలు?" అంది ప్రసూన. బిందెల గొడవలో అది ఎవరి చెవినా పడలేదు.

ఇక అడిగి లాభంలేదని, పిండి జల్లెడతో చేపలన్నిటినీ పట్టి మేడమీద స్నానాలగదిలోకి చేర్చింది. అక్కడ, ఇంట్లో ఎవరూ ఒక్కనాడూ దిగని బాత్‌టబ్ ఉంది. నీళ్ళు నింపి వదిలేసరికి చేపలు తోకలాడించాయి. అంతలో పూజకి ముందు స్నానానికని పట్టాభిరామయ్య తువ్వాలు కట్టుకుని వచ్చాడు.

"ఇదేంటే?"

ప్రసూన జల్లెడ వెనక్కి దాచుకుంది. వెనకాలే వచ్చిన వెంకటాచలం తొంగిచూశాడు.

"ఇది ఉత్తరం కదండీ. కుబేరస్థానంలో ఎర్రచేపలు. సినిమా ఆడినన్నాళ్ళూ కదపకూడదు."

"మరి నా స్నానం?"

"పెరట్లో చేద్దురుగాని. వీటికి మేత వేసేదెవరు?"

ఆ ఇంట్లో మొదటిసారి ఇద్దరు పెద్దవాళ్ళు ఒకేసారి ప్రసూన వైపు తిరిగారు.

"నువ్వు బంగారానివే," అన్నాడు పెదనాన్న. "ఎవరినీ లోపలికి రానీకు." టబ్ పక్కనున్న మరమరాల డబ్బా ఆమె చేతిలో పెట్టి, తను బయటికొచ్చి తలుపు మూసేశాడు.