తడి సంతకం

టైలరమ్మ పొద్దున్నే ఎనిమిదింటికి షాపు తీసేది. రెండింటిదాకా మిషను తొక్కి, కుట్టాల్సినవి ఎన్ని మిగిలినా షట్టరు దించేసి, ఎనిమిదో నంబరు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళేది. అక్కడ మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఆవిడ భర్త రెండేళ్ళ నాలుగు నెలలుగా కళ్ళు తెరవకుండా పడుకుని ఉన్నాడు. గొంతులో గొట్టం. పక్కన ఊపిరి ఊదే యంత్రం.

ఆయన అదే ఎనిమిదో నంబరు బస్సుకి ఇరవయ్యారేళ్ళు డ్రైవరు. ఒకరోజు డ్యూటీ దిగొచ్చి, చెప్పులు విప్పుతూ విప్పుతూ గుమ్మంలోనే కూలిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబడింది గానీ మనిషి తిరిగి రాలేదు.

బాగున్న రోజుల్లో ఆయన, "ఇంజను పోయాక హారను కొడుతూ కూర్చోకూడదే. నాకలాంటిదేమన్నా వస్తే దించేయండి" అనేవాడు నవ్వుతూ. "ఏం నోరో ఏంటో" అని ఈవిడ కసిరేది.

ఆ ఏడాది ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఇక లేవడని డాక్టర్లు తేల్చిన మనిషికి, ఇంటివాళ్ళు కోరితే యంత్రం తీసేయొచ్చు. కాకపోతే అనుమతుల ఆఫీసుకి వెళ్ళి కట్టుకున్నవాళ్ళూ, ఎదిగిన పిల్లలూ సంతకాలు పెట్టాలి. వాటి కింద ఆఫీసరు పెట్టాలి. చట్టం వచ్చిన రోజు నుంచీ ఆ ఆఫీసు గేటు ముందు రెండు గుంపులు చేరాయి. "ప్రాణం తీసే అధికారం సర్కారుకి ఎవరిచ్చారు?" అని ఒక గుంపు అట్టలు పట్టుకునేది. "మమ్మల్ని బతికించి చంపొద్దు" అని రెండోది. మధ్యాహ్నం రెండు గుంపులూ ఒకే బండి దగ్గర టీ తాగేవి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో మనసు ఒప్పుకోని సంతకం ఆరదు. ఇల్లు అమ్మేవాడి మనసు పీకుతుంటే సిరా నిగనిగలాడుతూ అలాగే ఉండిపోతుంది. పెళ్ళి రిజిస్టరులో సంతకం తడిగా ఉండిపోయి, వచ్చిన దారినే ఇంటికెళ్ళిన పెళ్ళికూతుళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. ఇదో వింత అని ఎవరూ అనుకోరు. ముసురు పట్టిన రోజు బట్టలు ఆరవు, మనసు లేని సంతకం ఆరదు, అంతే. అందుకే ప్రతి ఆఫీసులోనూ కిటికీ దగ్గర ఒక పొడవాటి బల్ల ఉండేది. కాగితాన్ని దాని మీద గంటసేపు ఉంచి, గుమస్తా వేలితో తాకి చూడాలి.

మూడుసార్లు చూస్తారు, వారానికోసారి. మూడోసారీ ఆరకపోతే ఫైలు మూసేస్తారు. మళ్ళీ తెరవరు.

మొదటి సోమవారం టైలరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. కూతురు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తుంది. ఆదివారం ఆదివారం తండ్రికి ఒళ్ళు తుడిచేది తనే. తల్లి సంతకం పెట్టింది, దాని కింద కూతురు పెట్టింది. బల్ల దాకా తీసుకెళ్ళేలోపే కూతురిది ఆరిపోయింది. గంట గడిచాక గుమస్తా తల్లి సంతకాన్ని తాకి, వేలు చూపించింది. నీలంగా ఉంది.

"ఆరలేదమ్మా. వచ్చే సోమవారం రండి."

బస్సులో టైలరమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రెండు స్టాపులు దాటాక అంది.

"ఒక్క నిమిషం కూడా పట్టలేదు నీకు."

"అమ్మా..."

"తండ్రే! పిల్లి పిల్లని వదిలేసినట్టు వదిలేశావు."

కూతురు లేచి నిలబడింది. వాళ్ళ స్టాపుకి ముందు స్టాపులోనే దిగి, ఇంటిదాకా ఒక్కతే నడిచొచ్చింది.

మరిది స్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఆయనకి ఈ వ్యవహారం మొదటి నుంచీ గిట్టదు. ఆ సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీ చెయ్యి నీకే చెప్తోంది వదినా. ఊపిరాడుతున్న మనిషిని పంపించెయ్యడానికి ఆఫీసు వాళ్ళెవరు? రేషన్ కార్డా ఇది, కొట్టెయ్యడానికి?"

"ఆ ఊపిరి ఆయనది కాదయ్యా. యంత్రానిది."

"మరి సంతకం ఎందుకు ఆరలేదు?"

"లోపలికి రా, టీ పెడతాను" అంది.

రెండో సోమవారమూ అంతే అయింది. ఈసారి ఆవిడే ఆత్రం పట్టలేక మణికట్టుతో తుడిచి చూసుకుంది. సిరా గాజులకంటుకుంది.

ఆ వారం ఆవిడ షాపు తెరవలేదు. పొద్దున్నుంచీ ఆసుపత్రిలోనే కూర్చుంది. బుధవారం మధ్యాహ్నం ఏం తోచిందో, సంచిలోంచి టేపు తీసింది. ఇరవయ్యారేళ్ళూ ఆయన డ్యూటీ చొక్కాలు కుట్టింది ఆవిడే. ఛాతీ నలభై, చెయ్యి ఇరవై నాలుగున్నర, కొలవకుండానే చెప్పగలదు. నర్సు సాయం పట్టగా టేపు వీపు కిందుగా పోనిచ్చి, ముందుకి తెచ్చి కలిపింది. ముప్ఫయ్యొకటి.

మళ్ళీ కొలిచింది. ముప్ఫయ్యొకటే.

భుజాలు కొలిచింది. మెడ కొలిచింది. ఏ కొలతా ఆవిడకి తెలిసిన మనిషిది కాదు. రెండేళ్ళ నాలుగు నెలలుగా రోజూ ఎదురుగా కూర్చున్న ఈ ఒంట్లో, తాను ఎదురుచూస్తున్న మనిషి ఎప్పటినుంచో లేడని అప్పుడు ఆవిడ చేతులకి తెలిసింది. టేపు చుట్టి సంచిలో పెట్టి, మంచం కోడుకి తల ఆనించి, నోట్లో దుప్పటి అంచు కుక్కుకుని ఏడ్చింది. నర్సు తెర లాగి వెళ్ళిపోయింది.

మూడో సోమవారం ఆవిడ సంతకం అరగంటలో ఆరింది.

ఇక మిగిలింది ఆఫీసరు. ఆయన సంగతి ఊరంతా ఎరుగుదురు. కలం ఎత్తేలోపే ఆయన సంతకం ఆరిపోయేది. దేని మీద పెట్టినా ఒకటే, ఇళ్ళు కూల్చడానికైనా, స్కూళ్ళు మూయడానికైనా. కొత్త చట్టం వచ్చాక ఈ ఆర్నెల్లలో ఇలాంటి ఫైళ్ళు పదకొండు దాటించాడు. ఆయన్ని రాయి అనేవాళ్ళు కొందరు. నిజానికి చెడ్డవాడేం కాదు. కాగితం చూసేవాడు, మనుషుల్ని చూసేవాడు కాదు.

"సర్వీసు వివరాలు ఖాళీగా వదిలేశారేమ్మా? ఏ శాఖ?" అన్నాడు, ఫైలు మీంచి తలెత్తకుండా.

"బస్సు డ్రైవరండీ."

"రూటు?"

"ఎనిమిదో నంబరు. ఇరవయ్యారేళ్ళూ అదే."

కలం ఆగింది. ఆఫీసరు మొదటిసారి తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"ఉదయం ఎనిమిదీ ఇరవై బండా?"

"అదేనండీ."

"నేనిక్కడ గుమస్తాగా చేరిన కొత్తలో రోజూ ఆలస్యమే" అన్నాడాయన మెల్లగా. "మా అమ్మకి మందులిచ్చి, అన్నం పెట్టి బయల్దేరాలి. మలుపు దగ్గర్నుంచి పరిగెత్తేవాణ్ణి. అద్దంలో చూసి బండి ఆపేవాడు. బస్సంతా గొణిగేది. ఆయన మాత్రం..."

"ఏమనేవారండీ?"

"పరిగెత్తకండి బాబూ, ఆఫీసు ఎక్కడికీ పారిపోదు, అనేవాడు."

టైలరమ్మ చేత్తో నోరు మూసుకుంది. ఆ మాట విరుపు అచ్చం ఆయనదే.

ఆఫీసరు సంతకం పెట్టాడు. కాగితం ఆవిడకి ఇవ్వబోయి ఆగిపోయాడు. అక్షరాల మీద తడి మెరుస్తోంది. పది నిమిషాలైనా మెరుస్తూనే ఉంది.

"ఫ్యాను పెంచనా సార్?" అని గుమస్తా నాలిక కరుచుకుంది.

ఆఫీసరు సంతకం ఆరకపోతే ఫైలు పెద్దాఫీసుకి వెళ్ళాలి. అక్కడి నుంచి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఆయన తల వంచుకున్నాడు.

"నన్ను క్షమించండమ్మా. ఇందులో నేను చేయగలిగింది లేదు."

"ఉంది సార్" అంది టైలరమ్మ. "నాది ఆరడానికి మూడు సోమవారాలు పట్టింది. ఆయన్ని చూశాకే ఆరింది. మీరూ వచ్చి చూడండి."

గేటు ముందు గుంపులు చూస్తుండగా ఇద్దరూ బస్టాపుకి నడిచారు. ఎనిమిదో నంబరెక్కారు. ఫైలు ఒళ్ళో తెరిచి పట్టుకుని కూర్చున్నాడాయన. డ్రైవరు సీట్లో ఎవరో కుర్రాడున్నాడు.

మంచం దగ్గర ఆఫీసరు ముందు గుర్తు పట్టలేదు. ఆ తర్వాత చెవి మీది మచ్చ చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఇంతలో నర్సు వచ్చి, గొట్టంలోకి సన్నటి గొట్టం దింపి కఫం లాగింది. ఆ ఒళ్ళు విల్లులా వంగింది. మూసిన కళ్ళ చివర్ల నీళ్ళు కారాయి. ఆఫీసరు మొహం తిప్పుకున్నాడు.

"ఇలా రోజుకి ఎన్నిసార్లు?"

"ఎనిమిది, పది."

"నేను సంతకాలు పెట్టిన ఆ పదకొండు మందికీ?"

"అందరికీ ఇంతేనండీ" అంది నర్సు.

టైలరమ్మ అడక్కుండానే భర్త సంగతులు చెప్పసాగింది. పాటలు పాడేటప్పుడు మొదటి చరణం దాటేవాడు కాదని. రిటైరయ్యాక ఒక్కరోజైనా ప్యాసింజరు సీట్లో కూర్చుని, తన రూటంతా కిటికీలోంచి చూడాలనుకున్నాడని. చెబుతూ చెబుతూ ఒకచోట నవ్వింది కూడా. ఎండ మంచం మీంచి గోడ మీదికి పాకింది. ఆఫీసరు వంగి ఆ చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు.

స్టూలు మీది ఫైలుని నర్సే ముందు చూసింది. "ఆరిందండీ" అంది.

మర్నాడు పదకొండింటికి యంత్రం ఆపారు. ఇరవై అయిదు నిమిషాలు ఆయన సొంతంగా ఊపిరి తీశాడు. టైలరమ్మ ఒక చెయ్యి, కూతురు ఒక చెయ్యి పట్టుకున్నారు. డ్రాయింగు మాస్టారు వరండాలో తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాడు. చివర్లో లోపలికొచ్చి అన్న పాదాలు పట్టుకున్నాడు. "నేనింకా ఒప్పుకోలేదు వదినా" అన్నాడు వెక్కుతూ. "ఒప్పుకోకు. ఇలా రా" అందావిడ.

ఆ తర్వాత ఆఫీసరు రోగి మంచం దగ్గరికి వెళ్ళకుండా ఏ ఫైలూ ముట్టలేదు. నెలలో రెండు సంతకాలు ఆరాయి, ఒకటి ఆరలేదు. ఆ ఒక్కటీ ఎందుకు ఆరలేదో ఆయన పైవాళ్ళకి చెప్పలేకపోయాడు. గేటు ముందు గుంపులు రెండూ ఆయన్నే తిట్టడం మొదలుపెట్టాయి. ఏడాది తిరక్కుండా ఆయన్ని ఎక్కడో రికార్డు గదికి మార్చారు.

తండ్రి పోయిన వారానికి, ఒక ఆదివారం మధ్యాహ్నం, కూతురు అలవాటు కొద్దీ బకెట్లో వేణ్ణీళ్ళు కలిపి, తువ్వాలు భుజాన వేసుకుని, ఎక్కడికెళ్ళాలో తెలియక వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. టైలరమ్మ మంచం మీంచి చూసింది.

"బస్సులో నిన్ను చాలా పెద్ద మాట అన్నానే."

"పర్లేదులే అమ్మా."

"ఒక్కటడుగుతాను. నీది అంత తొందరగా ఎలా ఆరింది?"

కూతురు తువ్వాలు మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"తొందరగా కాదమ్మా. ప్రతి ఆదివారం వీపు తుడిచినప్పుడల్లా మనసులో ఒక సంతకం పెట్టేదాన్ని. అన్నీ తడివే. రెండేళ్ళు పట్టింది. నువ్వు చూసింది ఆఖరిదాన్ని."

టైలరమ్మ మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చింది.