తడి మీద నందివర్ధనం

నేత్రావతి వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని రాగులు చెరుగుతోంది. నాలుగుసార్లు చేట ఎగరేసి, అంచుకు చేరిన పొట్టును ఉఫ్‌మని ఊదింది. ఊదిందో లేదో లోపలి నుంచి కేక వచ్చింది.

"ఊదొద్దని ఎన్నితూర్లు చెప్పాలమ్మే నీకు?"

"ఇవి రాగులు మామా. ఆల్చిప్ప పొడి కాదు."

"ఏవైతే ఏమి? ఊదొద్దు."

నేత్రావతి పళ్లు బిగబట్టింది. పుట్టి పెరిగిన ఊళ్లో ఆమె ఊదనిది లేదు. పొయ్యి ఊదింది, పాల మీద మీగడ ఊదింది, పట్టుపురుగుల తట్టల మీద సున్నం చల్లాక చేతులకంటిన పొడి ఊదింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. గని కార్మికుల పేట కోరమండల్‌లోని ఈ ఇంట్లో మాత్రం ఊపిరి బయటికి వదలాలన్నా తిమ్మరాయప్ప మామ సెలవు కావాలి.

ఆమె ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. మేనత్త అక్కయమ్మ కొళాయి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే, సాయంగా ఉండమని నాయన ఓబలప్ప కామసముద్రంలో బస్సెక్కించి పంపాడు. అత్త కాలు అతుక్కుంది. ఇప్పుడు కొళాయికి తనే పోయి, అక్కడి తగవులు కూడా తనే చక్కబెట్టుకుని వస్తోంది. నేత్రావతి మాత్రం ఇంటికి పోలేదు. కారణం ముందుగదిలో ఉంది.

బంగారు గని నడిచిన రోజుల్లో తిమ్మరాయప్ప అక్కడి వడ్రంగి షెడ్డులో పనిచేశాడు. గని మూతపడ్డాక ముందుగదిలో బల్ల వేసుకుని గిటార్లు చేయడం మొదలుపెట్టాడు. ఏడాదికి నాలుగో ఐదో. ప్రతి గిటారు తల మీదా చెక్కలో సన్నగా గుంట తవ్వి, ఆల్చిప్ప ముక్కలతో పువ్వు పొదుగుతాడు. వెలుతురు తగిలినప్పుడల్లా ఆ రేకుల్లో పచ్చా గులాబీ రంగులు కదులుతాయి. ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయి. "పువ్వు నేను కోస్తా మామా" అని నేత్రావతి అడిగితే సరే అనలేదు, వద్దూ అనలేదు. ఒక చిప్ప ముక్కా, కంసాలులు వాడే సన్న రంపమూ ఆమె ముందు పడేసి పోయాడు.

అప్పటి నుంచి ఆమె కోస్తూనే ఉంది. చిప్ప ముక్కలు విరుగుతూనే ఉన్నాయి.

మామ పద్ధతి ఒక్కటే. రేకు ఆకారం కత్తిరించిన నల్లటి ప్లాస్టిక్ అచ్చు ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టి గీసి, కాగితాన్ని చిప్పకు అంటించి, గీత వెంబడి రంపం నడపాలి. పైన మేకుకు తగిలించిన సెలైన్ సీసా నుంచి చిప్ప మీద చుక్క చుక్కగా నీళ్లు పడుతూ ఉండాలి. అక్కడే వచ్చింది తంటా. నాలుగు చుక్కలు పడగానే కాగితం నాని లేచిపోతుంది. గీత పోయాక రంపం ఎటు పోవాలి? మామకైతే గీతతో పని లేదు, రేకు ఆయన వేళ్లకే తెలుసు. ఆమె వేళ్లకు ఇంకా తెలియదు.

"నీళ్లెందుకు మామా? పొడిగా కోస్తే గీత బాగా కనిపిస్తాది గదా."

"చెప్పింది చెయ్."

"కాగితం లేస్తా ఉండాది."

"లేస్తాది."

అంతే. విరిగిన రేకును తీసి బిస్కెట్ల డబ్బాలో పడేసి పోతాడు. డబ్బా సగం నిండింది. ఎక్కడ తప్పిందో ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

ఇది చాలదన్నట్టు ఆదివారం పొద్దున నాయన ఫోను. ఓబలప్ప మొదలుపెడితే అవతలివాళ్లకు ఊకొట్టే సందు కూడా ఇవ్వడు.

"యాడికొచ్చిందమ్మా నీ పువ్వు? మూడు నెలలాయె. మన పురుగులు ఇరవై ఆరు దినాలకు ఇల్లే కట్టుకుంటాయి, నువ్వు ఒక పువ్వు కోయలేకపోతివి. ఇంగ శనివారం నేనొస్తా. అంతలోకి నీ పువ్వు ఆ గిటారులో కూర్చుంటే చూస్తాము. లేదంటే మూట గట్టుకో. ఈ తూరి మేత వేసేకి మీయమ్మ ఒకతే ఉండాది."

ఆ గిటారు ఆండర్సన్‌పేటలో పాట నేర్పే అంబరీష్ సారుది. ఆయన కూడా శనివారమే వస్తానన్నాడు. తల మీద నందివర్ధనం పువ్వు కావాలన్నాడు. అయిదు రేకులు, ఒక్కొక్కటి కొస దగ్గర కొంచెం మెలి తిరిగి. చిప్ప పువ్వు కుదరకపోతే అంటించడానికి మామ అప్పుడే ప్లాస్టిక్ చుక్కల పొట్లం తెచ్చి, సరిగ్గా ఆమె కళ్లెదుట బల్ల మీద పెట్టాడు.

బుధవారం మామ బంక కొనడానికి బజారుకు పోయాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే నేత్రావతి సెలైన్ గొట్టం మడిచి కట్టేసింది. పొడి చిప్ప మీద కాగితం కదల్లేదు. గీత కాటుక రేఖలా కనిపించింది. నాలుగుసార్లు రంపం లాగడం, ఉఫ్‌మని ఊదడం, మళ్లీ లాగడం. మధ్యాహ్నానికి అయిదు రేకులు అరచేతిలో ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు. ఆమెకే నమ్మకం కలగలేదు.

తిమ్మరాయప్ప గడపలోనే ఆగిపోయాడు. ఆమె రేకులు చూపించింది. ఆయన రేకుల వంక చూడలేదు. ఆమె కనుబొమల మీదా, పెదవుల మీదా, ముక్కు చివరా పేరుకున్న తెల్లటి పొడి వంక చూశాడు. తర్వాత ఆ అయిదు రేకులూ ఆమె చేతిలోంచి తీసి డబ్బాలో పోశాడు. గుడ్డ తడిపి బల్లంతా తుడిచాడు.

"శనివారం మీ నాయనతో పో" అన్నాడు.

నేత్రావతి వంటింట్లోకి వచ్చి చెంబు ఎత్తి నేల మీద కొట్టినంత పని చేసింది.

"మనిషా అత్తా ఆయన? బాగుండేవాటిని కూడా డబ్బాలో పోసినాడు! ఎందుకో చెప్పడే! నేనేం జోస్యం చూసి తెలుసుకోవాల్నా?"

అక్కయమ్మ సంగటి కెలకడం ఆపి, మేనకోడలి మొహం చూసి, కొంగు తడిపి చేతికిచ్చింది. "ముందు మొహం తుడుచుకో." తర్వాత ముందుగదిలోకి పోయి ఆ నల్లటి అచ్చు తెచ్చి కిటికీ వెలుతురుకు పట్టింది. "ఏం కనిపిస్తాది?"

ఇన్నాళ్లూ వందసార్లు పట్టుకున్న అచ్చే. వెలుతురులో దాని మీద వంపు తిరిగిన తెల్లటి చారలు కనిపించాయి. వాటి మధ్య ఇసుక చల్లినట్టు చుక్కలు.

"ఎముకలు" అంది నేత్రావతి.

"మా మరిది సొన్నప్ప రొమ్ము ఎక్స్‌రే. గని లోపల రాయి తొలిచే పని ఆయనది. దుమ్ము పోయి పోయి ఊపిరితిత్తుల్లో కూర్చునె. కట్టలు కట్టలు ఎక్స్‌రేలు తీసినారు. పోయినంక మీ మామ వాటిని పారెయ్యలే, అచ్చులు కోసుకున్నాడు. గట్టిగా ఉంటాయంట."

నేత్రావతి ముక్కూ పెదవులూ ఇంకోసారి తుడుచుకుంది. తర్వాత కోపం తగ్గలేదు సరికదా, రెట్టింపైంది.

"ఈ మాట మూడు నెలల కిందట చెప్పిండచ్చు గదా అత్తా!"

"నాకు చెప్పినాడా? నేనే చూసి తెలుసుకుంటి" అంది అక్కయమ్మ, మళ్లీ సంగటి కెలుకుతూ.

గురువారం తెల్లవారగానే నేత్రావతి అత్త కాటుక బరిణె తీసుకుని బల్ల ముందు కూర్చుంది. కాగితం పక్కన పెట్టింది. అచ్చును నేరుగా చిప్ప మీదే ఆనించి, కుట్టు సూదితో చుట్టూ గట్టిగా గీకింది. గీకిన చారలో కాటుక రుద్ది, పైన గుడ్డతో తుడిచింది. నల్లటి గీత నిలిచింది. గొట్టం కట్టు విప్పింది. చుక్క పడింది, ఇంకో చుక్క పడింది. గీత గీతలాగే ఉంది. కాటుకకు నీళ్లంటే లెక్క లేదు మరి.

మామ వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె తల తిప్పలేదు. రంపం అడుగు నుంచి తెల్లటి నీళ్లు తట్టలోకి కారుతున్నాయి. ఒకసారి అలవాటుగా పెదవులు ముందుకొచ్చాయి. ఆమె వాటిని లోపలికి లాక్కుని, తడి వేలితో తుడిచింది. మామ దగ్గి పోయాడు. సాయంత్రానికి మూడు రేకులయ్యాయి. శుక్రవారం పొద్దున ఇంకో రెండు.

పొమ్మన్న మనిషి ఉండమని అనలేదు. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి గిటారు మాత్రం ఆమె బల్ల మీద ఉంది, పక్కన సన్న ఉలి. గుంట తవ్వుతున్నంతసేపూ ఆయన సాధించాడు. "లోతైపోతాది." "అంచు కొరికేస్తివి." "ఉలి పట్టుకునేది అట్లనా, కూరగాయలు తరగతా ఉండావా?" నేత్రావతి ఉలి మీద నుంచి కళ్లు ఎత్తకుండా తవ్వింది. నోరు తెరిస్తే ఉలి విసిరేసేది.

శనివారం పదింటికి ఓబలప్ప మాటలు ఆయనకంటే ముందే ఇంట్లోకి వచ్చాయి.

"ఏమక్కా, కాలు బాగుండాదా? బావా, ఇంగా ఈ చెక్కలతోనే ఉండావా? బస్సులో నిలబడే వస్తినప్పా, కూర్చునేకి తావు లేదు. ఏమ్మా నేత్రా, మూట యాడ? పన్నెండు గంటల బస్సు పోతే మళ్లా సాయంత్రమే. పురుగులు మూడో జొరం లేచినాయి, పొర విడిచి మేతకు ఎగబడతా ఉండాయి, మీయమ్మ ఒకతే ఆకు కోస్తా ఉండాది, నువ్వీడ చిప్పలు కోసుకుంటా..."

నేత్రావతి లేవలేదు. గిటారు తలను తడి గరుకు కాగితంతో చివరిసారి రుద్ది, గుడ్డతో తుడిచి, నాయన వైపు తిప్పింది. నల్ల చెక్కలో అయిదు రేకుల నందివర్ధనం ఉంది. ఒక రేకు కొస ఉండాల్సినంత మెలి తిరగలేదని ఆమెకు తెలుసు. మామకూ తెలుసు.

ఓబలప్ప నోరు ఇంకా నడుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం ముందుకొచ్చింది. గూళ్ల మార్కెట్లో కళ్లు మూసుకుని పట్టుగూడు నొక్కి, మంచిదో చెడ్డదో చెప్పే బొటనవేలు అది. ఆ వేలు చెక్క మీద నుంచి రేకు మీదికి, రేకు మీద నుంచి చెక్క మీదికి పోయింది. వెనక్కి వచ్చింది. చెక్క ఎక్కడ ఆగిందో, చిప్ప ఎక్కడ మొదలైందో దానికి అందలేదు. కళ్లు మూసుకుని ఇంకోసారి వెతికాడు. మాట మధ్యలో ఆగిపోయింది.

తిమ్మరాయప్ప ప్లాస్టిక్ చుక్కల పొట్లం తీసి అలమారలో పడేశాడు. కొత్త చిప్ప ముక్క ఒకటి తెచ్చి నేత్రావతి ముందు పెట్టాడు.

"ఆ మూడో రేకు మెలి చాలలేదు. మళ్లా కొయ్" అన్నాడు.

"గిటారు అయిపోయె గదా మామా!"

"దీనికి కాదు. నేర్చుకునేకి."

ఆమె నాయన వంక చూసింది. ఆయన ఇప్పుడు ఏమంటాడో ఆమెకు తెలుసు. మేత, అమ్మ, పన్నెండు గంటల బస్సు. అన్నీ వినడానికి సిద్ధపడి కూర్చుంది.

ఓబలప్ప తన బొటనవేలి కొస చూసుకున్నాడు. భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "కాఫీ తాగి పోరా" అని వంటింట్లోంచి అక్క అంటున్నా వినిపించుకోకుండా, గడప దగ్గర చెప్పులు తొడుక్కుని, కూతురి మూట కోసం తెచ్చిన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, ఒక్క మాటైనా అనకుండా వీధిలోకి దిగిపోయాడు.