ఊఁ కొట్టిన నకలు

మెట్ల కింది దుకాణంలో కాపీల పిన్ని పొద్దున్నే షట్టరెత్తి, డిస్కులు కాపీ చేసే యంత్రాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటుంది. వీధి చివరి దుకాణంలో పది డిస్కులు ఒకేసారి పెట్టి, టీ తాగొచ్చేలోగా కాపీలు చేతిలో పెడతారు. పిన్ని దగ్గర ఆ ఉరుకులుండవు. ఒక్కో డిస్కూ మొదటినుంచి చివరిదాకా విని మరీ కాపీ తీస్తుంది. పాటైనా సరే, పిల్లల ఎక్కాలైనా సరే. వింటూ ఊరుకోదు, ఊఁ కొడుతుంది. ఆ ఊఁ కాపీలో పడుతుంది.

యంత్రానికి మైకు లేదు. అయినా పడుతుంది. అందులో వింతేముందని ఊరు ఊరంతా దానికి అలవాటుపడిపోయింది. "కిందటిసారి ఊఁ మరీ మెత్తగా పడింది పిన్నీ, ఈసారి కాస్త గట్టిగా పడేట్టు చూడు" అని అడిగి మరీ చేయించుకుంటారు.

మేడ మీది లెక్కల మాస్టారికి మాత్రం ఒప్పుదల లేదు. వయొలిన్ డిస్కులు తెచ్చినప్పుడల్లా అదే వాదన.

"అసలు అసలేనమ్మా. ఆ స్పష్టత నకలుకెక్కడిది?"

"మీ అసలు గోడకి చెప్పుకున్నట్టుంటుంది మాస్టారూ. నా కాపీ మనిషికి చెప్పినట్టుంటుంది. అసలు కంటే వడ్డీ ముద్దని ఊరికే అన్నారా?"

మాస్టారు గొణుక్కుంటూనే డిస్కు ఇచ్చి వెళ్లేవాడు. వీధి చివరి దుకాణానికి మాత్రం ఏనాడూ వెళ్లలేదు.

ఒకనాడు బట్టల కొట్టాయన మేనకోడలు డిస్కు పట్టుకుని వచ్చింది. రేడియోలో కథలు చెప్పే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. చెప్పిన కథ రికార్డు చేసి కాపీ పంపమన్నారు. ఆ పిల్ల నోరు విప్పితే ఏడ్చే పిల్లలు కూడా ఏడుపు మరిచిపోతారు. అలాంటిది ముఖం వేలాడేసుకుని నిలబడింది.

"సగమే ఉంది పిన్నీ. రికార్డింగుకని అద్దాల గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఎదురుగా ఎవరూ లేకపోతే నాకు నోరు పెగలదు. మధ్యలో ఆగిపోయా. ఇదీ పోతే రేపట్నుంచి మావయ్య కొట్లో చీరలు మడతపెట్టుకోవడమే."

"మడతల సంగతి తర్వాత. ముందు కథ విననీ" అని పిన్ని డిస్కు పెట్టి, పిల్లకీ వినపడేట్టు స్పీకరు కూడా కలిపింది.

ఒక దొంగ నదిని దొంగిలించి, మడతపెట్టి సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. పెళ్లాం తలుపు తీసింది. అక్కడ గొంతు ఆగింది. పిల్ల సిగ్గుతో తల దించుకుంది.

పిన్నికి ఆగిన సంగతే పట్టలేదు. "ఊఁ... తర్వాత?" అంది.

స్పీకరులో గొంతు సవరించుకున్న చప్పుడైంది. "'ఇంట్లోకి అలాగే వచ్చేస్తావా? కాళ్లు కడుక్కో' అంది పెళ్లాం. కడుక్కోవడానికి ఊళ్లో నీళ్లేవి? సంచి విప్పక తప్పింది కాదు. విప్పాడో లేదో, నది వీధిలోంచి పరుగెత్తి తన దారిన తాను వెళ్లిపోయింది."

పిల్ల నోరు తెరిచి వింది. ఆ ముగింపు తనకూ అప్పుడే తెలిసింది. సంతోషం పట్టలేక పిన్ని చేతులు గట్టిగా పట్టుకుంది.

రేడియో ఆఫీసరు జాగ్రత్త గల మనిషి. నకల్లో నాణ్యత తగ్గిందేమోనని అసలు కూడా తెప్పించి రెండూ పక్కపక్కన విన్నాడు. "అసల్లో శబ్దం శుభ్రంగా ఉందమ్మా, కానీ కథ లేదు. నకల్లో ఎవరో ఊఁ కొడుతున్నారు, కథ ఉంది. మాకు కావలసింది కథ. శుక్రవారం నేరుగా ప్రసారంలో చెప్పు. అది బాగుంటే ఉద్యోగం నీదే" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం పిన్ని దుకాణంలో రేడియో పెట్టారు. మేనమామ వచ్చాడు, మాస్టారు వచ్చాడు. పిన్ని ఒక చెవిన మాస్టారి వయొలిన్ డిస్కు వింటూ కాపీ తీస్తూనే రెండో చెవి రేడియోకి వదిలింది. కథ జోరుగా సాగింది. సగంలో, సరిగ్గా భయపడ్డట్టే, గొంతు ఆగిపోయింది. రేడియోలో గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నే చెప్పలా? కొట్లో కూర్చోవే అంటే వింటేగా" అన్నాడు మేనమామ. అంటూనే రేడియోకి దగ్గరగా జరిగాడు.

పిన్ని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, రేడియో వైపు తిరిగింది.

"ఊఁ" అంది. "తర్వాత?"

రేడియోలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. చిన్నగా నవ్వు వినిపించింది. కథ మళ్లీ అందుకుంది, చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

"ఇక కొట్టుకి వేరే మనిషిని వెతుక్కోవాలి" అంటూ మేనమామ కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు మాస్టారు డిస్కు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"ఏమ్మా, మూడో పాట మధ్యలో ఊఁ పడలేదు. బోసిగా ఉంది."

"అది అమ్మాయికిచ్చేశాను మాస్టారూ" అంది పిన్ని. "కూర్చోండి, మళ్లీ తీసిస్తా."