అర సీసా మందు

మా తోడల్లుడి షెడ్డులో పనిచేసే ఏడుగురిలో అతన్ని ‘తమ్ముడూ’ అని పిలవగలిగేది నేనొక్కణ్ణే. పిలుపు పెద్దన్నది, జీతం మాత్రం అందరిదీ. మా మామగారి పెద్ద కూతురు నా భార్య, చిన్న కూతురు అతని భార్య. షెడ్డు అతనిది, పానాలు నావి. పానాలు పోయినప్పుడల్లా ప్రాణాలు పోయేదీ నాకే.

కారు వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ కూడా తోడల్లుళ్ల వ్యవహారమే. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలి చక్రం తక్కువ. ఎవరి వాటా వాళ్లకు పంచేది ఆ పెట్టె. మామూలు పెట్టెకు ఒక జబ్బుంది, ఏ చక్రం నేల విడిచి ఊరికే గిరగిర తిరుగుతుందో బలమంతా దానికే ధారపోస్తుంది. మా మామగారూ అంతే. అందుకని పందెం కార్లలో ఆ పెట్టె లోపల పలకలు పెడతారు. అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ రెండు చక్రాలనూ కలిపి పట్టుకుంటాయి. ఎంత పట్టు, ఎంత విడుపు అన్నది నేను పోసే నూనెను బట్టి ఉంటుంది.

మా తమ్ముడి పసుపు స్పోర్ట్స్ కారు ఆదివారం క్లబ్బు పందెంలో దిగుతోంది. పోయిన పందెంలో ఒక టీము మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. ఎప్పుడూ మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుంటాడు కనుక అందరూ ఆయన్ని గడియారం గారంటారు.

“మేస్త్రీ, మా టీములో డిఫరెన్షియల్ పని చూసే మనిషి కావాలి. వచ్చే పందెంలో మీ కారు వెనక చక్రాలు ఎలా తిరుగుతాయో చూసి మాట్లాడతాను” అన్నాడు.

ఇరవై ఏళ్లుగా న్యూట్రల్‌లో ఉన్నవాడికి యాభై రెండో ఏట గేరు పడే అవకాశం. ఆ మాట ఇంట్లో నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం నూనె దగ్గర పేచీ వచ్చింది.

“తొంభై నంబరు పొయ్యన్నయ్యా. పల్చగా ఉంటుంది, బండి తేలిగ్గా పరిగెడుతుంది” అన్నాడు తమ్ముడు.

“పరిగెడుతుంది, నాలుగు రౌండ్ల దాకా. ఆ తర్వాత వేడికి నీళ్లయిపోతుంది. నూట నలభై పోస్తాను.”

“మరి మందు?”

“అర సీసా.”

“పార్టీలో రెండు గ్లాసులు దించేస్తావు, బండికి మాత్రం అర సీసానా?”

మందంటే పలకల ఒరిపిడి తగ్గించే ద్రవం. అసలు పొయ్యకపోతే నెమ్మదిగా మలుపు తిప్పినప్పుడల్లా వెనకనుంచి టకటకమని గొణుగుడు. ఎక్కువ పోస్తే గొణుగుడు పోతుంది, దాంతోపాటు పట్టూ పోతుంది. పార్కింగులో కాస్త గొణిగే పెట్టే ట్రాకు మీద పనికొస్తుంది. ఇంట్లో మనుషుల సంగతీ ఇదే గానీ, ఆ మాట అంటే ఇంటికెళ్లాక నాకు ఒరిపిడి.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. పోసేవాడు ఏ నూనె, ఎంత మందు అన్నది అల్యూమినియం బిళ్ల మీద గీసి, సంతకం పెట్టి, తీగతో ఆ పెట్టెకు నూనె పోసే కన్నం మూతకు కట్టాలి. పోశాక చేతులు జిడ్డుగా ఉంటాయి కనుక నేను ముందే రాసేస్తాను. రాసిందే పోస్తాను. ‘నూట నలభై, అర సీసా’ అని రాశాను, పోశాను, కట్టాను.

శనివారం గడియారం గారు కారు చూడడానికి వస్తున్నారని కబురు.

“ఆయన పక్కన కూర్చున్నాక వెనక టకటకలాడితే నా పరువేం కావాలి?” అన్నాడు తమ్ముడు.

“పరువు పార్కింగులో కావాలా, పందెంలో కావాలా నువ్వే తేల్చుకో.”

భోజనం చేసి వచ్చేసరికి చెత్త డబ్బాలో రెండు ఖాళీ మందు సీసాలు, పక్కన నూనె లాగిన పెద్ద సిరంజి. కారు కింద దూరి చూశాను. నేను తీగను ఎడమకు మెలిపెడతాను. అది కుడికి మెలితిరిగి ఉంది.

“పలకలు జారిపోతాయి తమ్ముడూ. మొత్తం దింపి మళ్లీ పొయ్యాలి. రెండు గంటలు.”

“ఆయన గేటు దగ్గరున్నాడన్నయ్యా.”

ఆవరణలో రెండు చుట్లు తిరిగారు. కారు పిల్లిలా నడిచింది. గడియారం గారు దిగి నన్ను చూశాడు.

“టకటకే లేదు. ఏం పోశావు మేస్త్రీ?”

తమ్ముడు నా వైపే చూస్తున్నాడు. నిజం చెప్పడానికి అదే సమయం. “నూట నలభై, అర సీసా మందు” అన్నాను.

“అర సీసాతోనే ఇంత నెమ్మదా. చెయ్యి తిరిగినవాడివే.”

పళ్లు ఇకిలించాను. గేర్లకే కాదు, నాకూ పళ్లున్నాయి కదా. ఆ సాయంత్రం నూనె దింపి సరిచెయ్యొచ్చు. సరిచేస్తే టకటక తిరిగొస్తుంది, ఆ మెచ్చుకోలు వెనక్కి పోతుంది. దింపలేదు.

ఆదివారం తమ్ముడే నడిపాడు, కారు నాలుగు రౌండ్లు మూడో స్థానంలో వెళ్లింది. అయిదో రౌండులో గట్టి మలుపు దగ్గర లోపలి చక్రం ఒక్కటే పొగలు కక్కుతూ గిరగిరా తిరిగింది, కారు మాత్రం కదల్లేదు. ఒక్కొక్కరే దాటిపోయారు. తొమ్మిదో స్థానం.

గడియారం గారు జాకీ ఎత్తించి కారు కింద పడుకున్నాడు. బిళ్ల చదివాడు. మూత విప్పి వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

“ఇది అర సీసా వాసన కాదు.”

నేను తమ్ముడి వైపు చూశాను. అతను హెల్మెట్ అద్దం తుడుచుకుంటున్నాడు.

“అన్నయ్య చెయ్యి కాస్త జారి ఉంటుందండి” అన్నాడు, అద్దం మీంచి కళ్లెత్తకుండా.

“ఎక్కువ పడిందని నిన్న చెప్పి ఉంటే సరిపోయేది మేస్త్రీ. పొరపాట్లు చేసేవాళ్లు నా దగ్గరా ఉన్నారు. రాసింది ఒకటి, పోసింది ఒకటి అయితే ఆ కారులో మనిషిని ఎలా కూర్చోబెట్టను?” అని చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

పోసింది నేను కాదని అరవొచ్చు. నిన్న ‘అర సీసా’ అన్న నోరూ నాదే. ఒంటికి నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా అంటేదే అంటుతుందంటారు. నాకు ఇసుకంతా అంటింది.

సోమవారం తమ్ముడే టీ తెచ్చిచ్చాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

“పోనీలే అన్నయ్యా. నువ్వెళ్లిపోతావని రెండు వారాలుగా మీ మరదలు ఒకటే బెంగ.”

అంటే అక్క చెల్లికి చెప్పింది, చెల్లి మొగుడికి చెప్పింది. రెండు వారాల క్రితమే తెలుసన్నమాట. టీ తాగాను. చక్కెర సరిగ్గానే వేశాడు.

నూనె దింపి, కొత్తది పోసి, అర సీసా వేసి ఆవరణలో తిప్పాను. టకటక.

“ఆ చప్పుడేంటన్నయ్యా? ఈసారి నిండా ఒక సీసా పొయ్యి” అన్నాడు ఆఫీసు గదిలోంచి.

మిగతా అర సీసా కూడా పోశాను. చేతుల జిడ్డు తుడుచుకుని, అప్పుడు బిళ్ల మీద ‘ఒక సీసా, ఓనరు చెప్పగా’ అని రాసి, తీగ ఎడమకు మెలిపెట్టాను.