నాంచారమ్మ సంతాన సంఖ్య

మార్గశీర మాసపు మంచుతెర లింకను విడిపోక గోదావరీ సైకతములు కనుచూపుమేర శ్వేతకంబళాచ్ఛాదితములై నిద్రించుచుండ లంకలయందలి కొబ్బరితోపుల శిరములపై బాలభాస్కరుని లేతకిరణములు పసుపు చల్లినట్లు ప్రసరింప నారంభించిన ప్రాతఃకాలమున ఆత్రేయపుర గ్రామమునందు పంచ పంచను బోర్లించిన కుండల క్రింద కొబ్బరాకుల మంటలు చిటచిటలాడ దొడగెను. పలుచని గుడ్డను బియ్యపుపిండి జావలో ముంచి కాగిన కుండవీపున నొక్కమాఱు పఱచి తీసినంతనే రెప్పపాటున పొరయై విడివడు పూతరేకును చిరుగక యెత్తి ప్రక్కనుంచుటలో ఆ గ్రామవనితలకు గల హస్తలాఘవమును వర్ణింప బూనినచో మన కథ యిచ్చటనే చతికిలబడును గావున నా ప్రయత్నము మానుటయే మేలు.

ఆ వనితలలో నఱువదిమూడేండ్ల నాంచారమ్మ యగ్రగణ్య. భర్త గవరయ్య గతించి పదేండ్లయ్యెను. పెద్దకొడుకు తాతారావు తల్లి చేసిన రేకులను రాజమహేంద్రవరపు దుకాణములకు జేరవేయును. చిన్నకొడుకు సూరన్న యాటో నడుపుచు తీరిక వేళల తల్లి కడ గూర్చుండి రేకులు మడచును. కడపటిదగు కూతురు అహల్య ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్ను నగరమునందు నర్సుగా పనిచేయుచు భర్తతోను ఏడేండ్ల కూతురితోను నచ్చటనే కాపురముండెను.

నిజమునకు కొడుకు లిద్దఱును నాంచారమ్మ కడుపున బుట్టినవారు గారు. ఆమె చెల్లెలును మఱదియు నొకే యేడు కాలధర్మము నొందగా దిక్కులేనివారైన యైదేండ్లవానిని మూడేండ్లవానిని దెచ్చి యొడిలో గూర్చుండబెట్టుకొనిన దినమున నామెకింకను సంతానయోగము లేదు. అటుపిమ్మట రెండేండ్లకు గాని అహల్య జన్మింపలేదు. పిల్లలను బడిలో వేయునాడు తల్లిదండ్రులు లేనివారని తోడివారు గేలిసేయుదురేమో యను జాలిచేత గవరయ్య తండ్రి పేరుండవలసిన గడియందు నిస్సంకోచముగా తన పేరే వ్రాయించెను. రేషనుకార్డునందును అట్లే వ్రాయించెను. గోదావరి సీమయందిట్టి పనిని తప్పనువా డెవ్వడు? సప్తసముద్రముల కావల నొక కార్యాలయము వారు ముప్పదేండ్ల తరువాత నా గడిని తడిమి తడిమి చూచెదరని పాపము గవరయ్య కలగనెనా!

ఇక వీసా సంగతి. అహల్య పురిటికి నాంచారమ్మ పోవలసియుండగా సందర్శకుల వీసా సమయమునకు రాకపోయెను. పరదేశమున రెండు దినములు నొప్పులుపడి యా పిల్ల తల్లి చేతి కొఱకు ప్రక్క తడవుకొనెనట. ఆ మాట చెవినిబడిన నాటనుండి నాంచారమ్మ మనసు మనసులో లేదు. ఇక అమ్మను శాశ్వతముగా తన కడకు రప్పించుకొందునని అహల్య పంతము పట్టెను. అందులకు అచ్చటి ప్రభుత్వము వా రేర్పఱచిన మార్గములు రెండు. మొదటిదానికి రుసుము కొంచెము గాని నిరీక్షణము ముప్పదేండ్లు. రెండవదానికి రుసుము పాతిక లక్షల పైమాట, ఆపైన వరుసయు కొండవీటి చాంతాడే.

"ముప్పై ఏళ్ళా! అప్పటికి నాకు తొంభై దగ్గర పడతాయి. నన్ను మోసుకొచ్చేవాళ్ళకి కూడా వీసాలు తీయాలేమోనే!" అని యానాడు నాంచారమ్మ పకపక నవ్వెను.

అహల్య మాత్రము నవ్వలేదు. రెండవ మార్గమునే యెన్నుకొని యిల్లు కొనవలెనను తలంపు మానుకొని యాలుమగ లిరువురును సెలవుదినముల యందు సైతము పనిచేయుచు రుసుమునకై కూడబెట్టసాగిరి. దరఖాస్తు పంపి యాఱు సంవత్సరములు గడచెను. మనుమరాలు ఫోను తెరపై దోగాడి తప్పటడుగులు వేసి పండ్లూడి మరల పండ్లు మొలిచి బడికి బోవుచుండెను గాని యా బిడ్డను నాంచారమ్మ ఎత్తుకొన్నది మాత్రము సందర్శకురాలిగా నొకమాఱు వెళ్ళిన మూడు నెలలే.

కడకు వీసా కార్యాలయము వారినుండి యొక లేఖ వచ్చెను. వచ్చినది వీసా కాదు, ప్రశ్న. శాశ్వతముగా వచ్చి యుండగోరు తల్లి సంతానములో సగమైనను ఆ దేశమునందు నివసించుచుండవలెననునది యచ్చటి నియమము. అల్లుడు దరఖాస్తునందు నాంచారమ్మకు సంతానమొక్కరే యని వ్రాసియుండెను. ఆమె రేషనుకార్డు నకలు మువ్వురని ఘోషించుచుండెను. ఇందేది నిజమో తెలుపుడని వారడిగిరి. ఒక్కరన్నచో అహల్య చాలును. మువ్వురన్నచో ముగ్గురిలో నొక్కతె సగము గాదు గనుక దరఖాస్తు గంగపాలు.

అహల్య వెంటనే తల్లికి ఫోను చేసెను.

"అన్నయ్యలు నీ పిల్లలు కాదని ఒక్క కాయితం మీద సంతకం పెట్టమ్మా. అంతే. మిగతాదంతా మేం చూసుకుంటాం."

"వాళ్ళు నా పిల్లలు కాకపోతే మరెవరి పిల్లలే?"

"పిన్ని పిల్లలు. అందులో అబద్ధమేముంది?"

నాంచారమ్మ ఫోనును రెండవ చెవికి మార్చుకొనెను.

"అబద్ధం కాదే తల్లీ. కానీ నన్ను మొట్టమొదట అమ్మా అని పిలిచింది నువ్వు కాదు, తాతారావు. వాడు పిలిస్తే ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఇప్పుడు నా చేత్తో నేను కాదని ఎలా రాయను చెప్పు? నీ దగ్గరికి రావాలని లేదనుకున్నావా? పొద్దున్న లేస్తూనే మీకక్కడ టైమెంతయిందో లెక్కేసుకుంటా. నువ్వు తిన్నావో లేదో, పిల్ల బడినుంచి వచ్చిందో లేదో... నా ప్రాణమంతా అక్కడే కొట్టుకుంటాదే. అయినా ఆ మాట రాయలేను."

ఆవల నిట్టూర్పు వినవచ్చెను. "సరేలే అమ్మా. నువ్వేం రాయొద్దు. నేను చూసుకుంటాను" అని కూతురు ఫోను పెట్టివేసెను.

ఎట్లు చూచుకొనునో నాంచారమ్మ యడుగలేదు. కూతురు తన మాట మన్నించెనని తలంచి యా పూట కొంత తేఱుకొనెను. అటుపిమ్మట నన్నదమ్ము లిరువురును తల్లి రాకను జూచి మాటలాపుటయు నడిగినచో ఏమీ లేదమ్మా యని తలలు వంచుకొనుటయు నామె కంటబడకపోలేదు. అయినను గిరాకీ యెక్కువగానున్న దినములు గావున నేదో బేరపు గొడవయని సరిపెట్టుకొనెను.

పది దినములు గడచెను. ఒకనాటి పూర్వాహ్ణమున సూరన్న తల్లి ప్రక్క గూర్చుండి రేకులు మడచుచుండగా వాని ఫోను మ్రోగెను. తెరపైని సంఖ్యను గాంచినంతనే వాని మొగము వెలవెలబోయెను. చేతులు గబగబ తుడుచుకొని ద్వారము కడకు బోయి గోడవైపు తిరిగి నిలిచి మాటలాడసాగెను. కుండపై గుడ్డ పఱచుచున్న నాంచారమ్మకు వాని పలుకులు మాత్రమే వినవచ్చుచుండెను.

"ఆయ్, సూరన్ననేనండి... ఆ వీసా ఆఫీసు నుంచేనాండి? తెలుగులోనే చెప్పండి, ఫర్లేదండి... లేదండి. ఆవిడ మా అమ్మ కాదండి. మా అమ్మ చిన్నప్పుడే పోయిందండి. ఆవిడ..."

గోడకు మఱింత చేరువై తగ్గుస్వరమున, "ఆవిడ మా పెద్దమ్మండి" అనెను.

వా డాడినది యక్షరాల నిజము. తల్లి యక్కను పెద్దమ్మ యనక మఱేమందురు? అయినను ముప్పదినాలుగేండ్లలో నేనాడును వాని నోట వెలువడని యా పిలుపు చెవిసోకినంతనే నాంచారమ్మ చేతిలోని గుడ్డ కుండపైననే నిలిచిపోయెను. వానిని చంకనెత్తుకొని జ్వరపు రాత్రులు గడిపినది పెద్దమ్మయా? వానికి పెండ్లి చేసి పీటలపై గూర్చుండి కాళ్ళకు మ్రొక్కించుకొన్నది పెద్దమ్మయా? కుండపైని గుడ్డ మాడి పొగ లేచుచున్నను నామె చూడలేదు. లేచి చరచర బోయి కొడుకు చేతినుండి ఫోను లాగికొనెను.

"ఎవరండి మాట్లాడేది?"

ఆవల నుండి యొక దుబాసి మిక్కిలి మర్యాదగా పలికెను. తాను తెలుగువాడనియు వీసా అధికారి తన ప్రక్కనే యుండి యడుగుచున్న ప్రశ్నలను తెనిగించుట మాత్రమే తన పనియనియు చెప్పి, "మీరెవరండమ్మా?" అని యడిగెను.

"నేను నాంచారమ్మనండి. వీడి అమ్మని."

"ఆయనేమో మీ చెల్లెలి కొడుకునని చెబుతున్నారండి."

"కన్నది మా చెల్లెలేనండి, నిజమే. మూడేళ్ళప్పుడు నా ఒళ్ళో పడ్డాడు. అప్పటినుంచీ నా కొడుకే. వీడికి పైన ఇంకొకడున్నాడు, వాడూ అంతే. నాకు ముగ్గురండి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు."

ఆవల పరభాషలో నేదియో సంభాషణ జరిగెను. మరల దుబాసి గొంతు వినవచ్చెను. ఈమాఱా గొంతున మర్యాదతోబాటు జాలియు గలదు.

"అమ్మా, అధికారిగారు మళ్ళీ ఒకసారి అడగమంటున్నారండి. మీరు ముగ్గురని చెబితే మీ దరఖాస్తు తిరస్కరించే అవకాశముంది. అది తెలిసే చెబుతున్నారా?"

నాంచారమ్మ కన్నుల యెదుట ఫోను తెరపైని పసిమొగము నిలిచెను. ఆ పాప నిత్యము నొకటే యడుగును, అమ్మమ్మా, నువ్వెప్పుడొస్తావు అని. ఒక్క మాట, ఒకే యొక్క మాట పలికినచో నా ప్రశ్నకు జవాబు దొరకును. ఆమె ద్వారబంధమును పట్టుకొని నిలిచెను. కండ్లనీళ్ళు జలజల రాలెను.

"తెలుసండి. ముగ్గురనే రాసుకోండి."

సూరన్న నేలపై గూలబడెను. "ఎంత పని చేశావమ్మా! ఆరేళ్ళ నుంచి చెల్లాయి కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఒక్క నిమిషం ఊరుకుంటే అయిపోయేది కదా!"

"నోర్ముయ్యరా వెధవా! ఇంకొక్కసారి ఆ మాట నీ నోటెంట వచ్చిందంటే చెంప పగలగొట్టేస్తాను, ఏమనుకున్నావో!" అని గర్జించి మఱుక్షణమే వాని తలను తన కడుపునకు హత్తుకొని యామె వెక్కివెక్కి యేడ్చెను. ముప్పదియేడేండ్ల మగవాడు, ఇద్దఱు బిడ్డల తండ్రి, వాడును పసివానివలె నేడ్చెను.

ఆ మధ్యాహ్నమున అహల్య ఫోను చేసెను. తాతారావు వార్త ముందే చేరవేసియుండెను.

"ఆరేళ్ళమ్మా" అనెను అహల్య. "ఆరేళ్ళు రోజులు లెక్కపెట్టుకున్నాను."

"నాకు తెలియదా తల్లీ! తిట్టు. నాలుగు తిట్టు, పడతాను. వాడు నన్ను పెద్దమ్మ అన్నాడే. విని ఊరుకోలేకపోయాను."

అహల్య యేడ్పు నాపుకొనుచు నిట్లనెను. "వాళ్ళనేం అనకమ్మా. అలా చెప్పమన్నది నేనే. నువ్వు రాయలేనన్నాక అన్నయ్యలిద్దరికీ ఫోన్ చేసి బతిమాలాను. పెద్దన్నయ్య రెండు రోజులు అన్నం తినలేదట. చిన్నన్నయ్య మాత్రం, అమ్మకి వినపడకుండా చెబుతాలే, నువ్వేడవకు అన్నాడు."

నాంచారమ్మ యొక్కసారి కన్నులు మూసికొనెను. తన్ను దెచ్చుకొనుటకై యొక బిడ్డయు తన్ను బంపుటకై యిద్దఱు బిడ్డలును గూడబలుకుకొనగా కొడుకులు తన కడనుండి తామే తొలగిపోవ సిద్ధపడిరను సంగతి యామెకప్పుడు బోధపడెను. కోపము రావలసినచోట కోపము రాలేదు.

"పిచ్చిపిల్లా! రేపు ఎవరైనా వచ్చి అహల్య నీ కూతురు కాదని చెప్పు, కొడుకుల దగ్గర హాయిగా ఉండొచ్చంటే, చెబుతానా?"

"చెప్పవు" అనెను అహల్య. "నాకు తెలుసమ్మా. అందుకే నిన్ను అడగడం మానేశాను" అనెను.

రేషనుకార్డునందలి పేర్లకు తల్లి మాటయు తోడగుటచే ఆ దేశపు ప్రభుత్వము వారు మాసము తిరుగక మునుపే దరఖాస్తును ద్రోసిపుచ్చిరి. మొదట చెల్లించిన రుసుము తిరిగి యిచ్చు నియమము లేదనియు తెలిపిరి. వారిని నిందింప బనిలేదు. లక్షలాది తల్లిదండ్రులు వరుసగట్టి నిలిచిన చోట నేదేని యొక లెక్క పెట్టుకొనక రాజ్యము నడువదు. అయితే రాజ్యము వారడుగునది తమ లెక్కకు బిడ్డలెందఱని. నాంచారమ్మ చెప్పినది తన బిడ్డలెందఱో. ఆ రెండింటికిని నడుమ నెన్ని యేండ్లు నిలిచినను తరుగని వరుస యొకటి యున్నది.

అహల్య మరల సందర్శకుల వీసాకు వ్రాసెను. ఈమాఱది యడ్డు లేక వచ్చెను. ఆ వేసవిలో నాంచారమ్మ మూడు నెలల యతిథిగా కూతురింటికి బయలుదేరెను. హైదరాబాదు విమానాశ్రయము దాక ఆమెను సాగనంపుటకు కొడుకు లిద్దఱును వచ్చిరి.