రెక్క లోపల పేర్లు

గ్యారేజీలో తాను కట్టుకుంటున్న చిన్న విమానం రెక్క లోపల, ప్రధాన దూలం మీద లోవెల్ గోరు తగలగానే కాస్త రంగు ఊడొచ్చింది, దాని కింద లోహం లేదు, పుట్టీ ఉంది.

టార్చి దగ్గరగా పెట్టి సూదితో గీకాడు. రేకుల్ని బిగించే రివెట్ మేకు చుట్టూ గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం ఎనిమిది అంకెలా సాగిపోయి ఉంది. చెడిన రివెట్ తీసేటప్పుడు డ్రిల్లు జారితే పడే గాయమది. విమానం బరువంతా గాలిలో మోసేది ఈ దూలమే. దానికి దెబ్బ తగిలితే విమానం విడిభాగాల కిట్ పంపిన కంపెనీకి చెప్పి కొత్తది తెప్పించాలి. ఇక్కడెవరో పూడ్చి, పైన రంగు పూశారు.

ఇవాళే పై రేకు బిగించి రెక్క మూసే రోజు. కాసేపట్లో, అతనిలాగే సొంతంగా విమానాలు కట్టుకునే క్లబ్బు వాళ్లు గ్యారేజీకి వస్తారు. రెక్క కట్టడానికి చెయ్యి వేసినవాళ్లంతా, మూసే ముందు లోపలి రేకు మీద తమ పేర్లు రాయడం అమెరికాలో, విస్కాన్సిన్‌లోని ఆ క్లబ్బులో ఆనవాయితీ.

రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు ముందు నుంచి గన్‌తో కొడితే, ఇంకొకరు వెనక ఇనుప దిమ్మ ఆనించాలి. ఆ దిమ్మ పట్టింది, చెడిన రివెట్లు డ్రిల్లుతో తీసింది అతని భార్య డెలోరిస్.

లోవెల్ విసురుగా వంటగదిలోకి వెళ్లాడు. ఆమె కేకు కోస్తోంది.

"దూలం పాడుచేసి నాకు చెప్పకుండా రంగేశావా? మనవరాల్ని ఎక్కిస్తానని తెలిసి కూడా!"

డెలోరిస్ కత్తి కింద పెట్టింది.

"నీ కారుకి సొట్ట పెట్టిన రోజున, నువ్వు బూట్లు విప్పకముందే చెప్పినదాన్ని. నేను దాస్తానా? మోకాలి ఆపరేషనై నేను మంచంలో ఉంటే దిమ్మెవరు పట్టారు? నన్ను ఆసుపత్రికి తిప్పుతూ గ్యారేజీ తాళాలెవరికిచ్చావు? దొరగారికి గుర్తులేదా?"

గుర్తొచ్చింది. ఆర్విడ్. లోవెల్‌కి రివెట్ కొట్టడం నేర్పినవాడు. క్లబ్బులో ఏ రెక్కయినా మూసే ముందు పరీక్షించేది అతనే.

లోవెల్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మాట భార్యని అడగడానికి క్షణం ఆలోచించలేదు. స్నేహితుణ్ణి అడగాలంటే నోరే రావడం లేదు.

"తప్పయిపోయింది, డెలోరిస్."

"అయింది," అని ఆమె మళ్లీ కత్తి తీసుకుంది.

రెక్క మూయకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాడు. కానీ ఆర్విడ్ తనంతట తాను చెప్తాడా? ఇంకొకసారి తొందరపడి నిందవేయడం అతనికి ఇష్టం లేదు.

క్లబ్బు వాళ్లు వచ్చారు. కేకులు తిన్నారు, ఒకరి విమానాన్ని ఒకరు వెక్కిరించుకున్నారు, రేకు మీద పేర్లు రాశారు. లోవెల్ మార్కర్ తెచ్చి ఆర్విడ్ చేతికిచ్చాడు.

"నీదే మిగిలింది."

"చేతులకి నూనె ఉందిలే."

"పరీక్షాధికారికి సిగ్గేస్తోందిరా!" అన్నాడు లావుపాటి ఎల్డన్. "మమ్మల్ని రివెట్ రివెట్‌కీ ఏడిపించి, నీ పేరు రాయడానికి ఏడుస్తావేంటయ్యా?"

అందరూ నవ్వారు. డెలోరిస్ నవ్వలేదు. గుడ్డ తెచ్చి ఆర్విడ్ ముందు పెట్టింది.

"తుడుచుకోండి."

అతను తుడుచుకున్నాడు. మార్కర్ మొన రేకు మీద ఆనించాడు. అది టకటకా కొట్టుకుంది. పేరు పడలేదు, చుక్కలు పడ్డాయి. నవ్వులు ఆగిపోయాయి.

ఆర్విడ్ మార్కర్‌కి మూత పెట్టాడు.

"చూశారుగా నా చేతులు. చలికాలం నుంచీ ఇంతే. డ్రిల్లు జారింది, లోవెల్. దూలం మీద. ఇదే పని ఎల్డన్ చేసుంటే రెక్క విప్పించి, అందరి ముందూ కడిగేసేవాణ్ణి. నా చేతులు పోయాయని తెలిస్తే నన్నిక ఎవరూ పిలవరని భయమేసింది. పుట్టీ పెట్టాను, రంగేశాను. బయటపడితే నింద డెలోరిస్ మీదకే పోతుందని తెలుసు. పాప ఎక్కుతుందనీ తెలుసు. చెబుదామనే రోజూ వచ్చాను. ఆవిడ కుంటుకుంటూ కాఫీ తెచ్చిస్తే, తాగి వెళ్లిపోయాను."